తపాలా బిళ్ళపై పంచాణము

(సికిందరాబాదున జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో రెండవనాటి యుదయమున చేసిన యుపన్యాసము)

   

నిన్నటి సాయంకాలము విషయనిర్ణయ సభలో నొక తీర్మానము చర్చకు వచ్చెను. మన కులమున జన్మించిన యొక మహనీయుని పేర స్మారకమైన తపాలా బిళ్ళను వెలువరింపవలసినదిగా భారత తపాలా శాఖవారికి విజ్ఞాపనము పంపవలెనని దాని సారాంశము. ఎవరి ముఖము నచ్చొత్తింప గోరవలెనను ప్రశ్న రాగానే నాలుగు పేర్లు వచ్చినవి. నాలుగింటికిని వాదులు వచ్చిరి. భోజనముల వేళ దాటిపోయెను. తీర్మానము మాత్రము తేలలేదు. అప్పుడు కార్యదర్శిగారు నా వంక జూచి, "మాస్టరుగారికి సంస్కృతము తెలియును, బిళ్ళలు కూర్చు నలవాటును గలదు, రేపు వారే చెప్పుదురు" అని సభను ముగించిరి. అలవాటు నిజమే. ముప్పది రెండేండ్లు పిల్లలకు శబ్దమంజరి చెప్పి విశ్రాంతి గైకొన్న తరువాత, మనుమరాలి బిళ్ళల పుస్తకము నాకు రెండవ పాఠశాలయైనది. ఆ పుస్తకమును ముందుంచుకొనియే నాలుగు మాటలు మనవి చేసెదను. నా మాటలు నిన్నటి నాలుగు పక్షములలో నే పక్షమునకును సంతోషము గలిగింపక పోవచ్చును. క్షమింపవలెను.

ముందుగా తపాలా బిళ్ళ యనగా నేమో చూతము. అది వెల దెలుపు కాగితపు ముక్క మాత్రమే కాదు. అది రాజముద్ర. వేంగి చాళుక్యుల తామ్రశాసనమును చూచినవారికి ఈ మాట వెంటనే బోధపడును. రాగి రేకులకు తూటు పొడిచి, కడియము దూర్చి, ఆ కడియము కొసలపై వరాహలాంఛనము గల ముద్రను బిగింతురు. ముద్ర లేని రేకు చెల్లదు. ముద్ర లేని జాబునకు నేటికిని జరిమానా గలదు. ఆనాడు ఆ రేకులను సాగగొట్టినవాడును, అక్షరములు చెక్కినవాడును, ముద్ర పోతపోసినవాడును మనవారే. రెండవ అమ్మరాజు శాసనములు కొన్నింటి చివర జొంటాచార్యుడను పేరు కనబడును. పదవ శతాబ్దపు రాజు ఇచ్చిన భూమి నేడు ఎవరి చేతిలో నున్నదో ఎవ్వరును చెప్పలేరు; చెక్కినవాని పేరు మాత్రము రాగిపై నిలిచియున్నది. తపాలా బిళ్ళపై నట్టి పేరు సామాన్యముగా నుండదు. ఈ తేడాను జ్ఞాపకముంచుకొనుడు. దీని పని ముందు పడును.

మన నైజాము రాష్ట్రపు తొలి బిళ్ళ 1869 సంవత్సరమున వెలువడెను. దాని వెంట వచ్చిన బిళ్ళలపై వెల పర్షియను, ఆంగ్లము, మరాఠీ, తెలుగు లిపులు నాలుగింటను గలదు. తెలుగు బడులు దొరకుటయే దుర్లభమైన యా దినములలో మన 'అణా' యను మాట యంగుళమంత కాగితముపై దేశమంతట తిరిగినదని నా మనుమరాలికి చెప్పినప్పుడు, "తాతయ్యా, భూతద్దము తెండి" అని యడిగి మఱీ చదివినది. 1931లో వచ్చిన వరుసయందు బొమ్మలు చేరినవి: చార్మినారు, హైకోర్టు, గండిపేట చెఱువగు ఉస్మాన్ సాగరు, అజంతా గుహల ముఖద్వారము, బీదరు మదరసా, దౌలతాబాదు స్తంభము. తరువాత 1947లో వరంగల్లు కోటలోని కాకతీయ తోరణమును బిళ్ళకెక్కెను. 1950లో ఈ రాష్ట్రపు బిళ్ళల చెలామణియే ముగిసినది.

ఈ వరుసను చూడుడు. బీదరు మదరసా ఎక్కినది. బీదరు పేరును లోకమంతట మోసిన బిద్రీపని యెక్కలేదు. తోరణ మెక్కినది, ఆ రాతిని నిలిపినవాని ఉలి యెక్కలేదు. తప్పు పట్టుటకు చెప్పుట లేదు. కట్టడము నిలుచును, కట్టినవాడు పోవును, బొమ్మ గీయువానికి కంటియెదుట నున్నదే కావలెను. కాని మన మొక బిళ్ళను కోరబోవుచున్నాము గనుక, ఇంతవరకు బిళ్ళలపై ఏమి వచ్చినది, ఏమి రాలేదు అన్నది ముందు తెలిసికొనుట మంచిది.

ఇచ్చట నా యింటి మాట యొకటి చెప్పక తప్పదు. మా నాయనగారు జనగామ ప్రాంతపు పల్లెలో కంచరిపని చేసిరి. గంటలు, దీపపు సెమ్మెలు, చిన్న చిన్న యుత్సవ విగ్రహములు పోతపోయుట వారి ముఖ్యవృత్తి. చెంబులకు మాటు వేయుట, బిందెలకు సొట్ట తీయుట దినబత్తెమునకు. వారి పనిముట్ల పెట్టెలో, ఆకురాళ్ళ క్రింద, ఒక పాత కవరు ఉండెడిది. దానిపై రెండణాల యెఱ్ఱని బిళ్ళ. అందు నటరాజు. ఆ బిళ్ళ 1949 ఆగస్టు 15వ తేదీన వెలువడిన పురావస్తు వరుసలోనిదని నాకు చాల కాలమునకు గాని తెలియలేదు. సాంచీ తోరణము, కోణార్కపు గుఱ్ఱము, గోల్ గుంబజు, తాజమహలు మున్నగు వాని నడుమ ఒక పంచలోహ విగ్రహము! నేను పదేండ్ల పిల్లవాడనై యుండగా నాయనగారు ఆ కవరు చూపి, "ఇగో, ఇది మన పనిరా" అనిరి. ఎవరు చేసిరని యడిగితిని. "పేరు తెల్వది. పని తెల్సు" అనిరి.

ఆ పని యెట్టిదో యువకులలో పలువురకు తెలియదు గనుక కొంచెము చెప్పెదను. మైనముతో ముందు మూర్తిని చేయుదురు. కాళ్ళు, చేతులు, ఆభరణములు, పాదముక్రింది అపస్మారుడు, చుట్టు నున్న జ్వాలావళి, అన్నియు మైనముతోనే. దానిపై సన్నని మట్టిని పలుచగా పూసి నీడ నారబెట్టి, మరల పూసి, మూడవసారి గట్టిగా మెత్తుదురు. దానిని కాచినచో మైనము కరగి తూటునుండి కారిపోవును. లోపల మూర్తి యాకారము గల శూన్యము మిగులును. ఆ శూన్యములోనికి కరగిన లోహమును పోయుదురు. చల్లారిన పిదప మట్టిని పగులగొట్టుదురు. అందుచేత ఒక మూసకు ఒకే మూర్తి. రెండవది కావలెనన్న మరల మైనము పిసుకవలసినదే. దీనికే మధూచ్ఛిష్ట విధానమని పేరు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్య రాజైన మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమున ఈ విధాన మంతయు వివరింపబడినది. మైనమును ముందే తూచుకొని, వెండియైనచో దానికి 12 రెట్లు, బంగారమైనచో 16 రెట్లు లోహము కరిగింపవలెనని లెక్కయు నందు గలదు. మా నాయనగారికి సంస్కృతము రాదు. ఆ గ్రంథమును నేను కళాశాలలో చదివి వచ్చి ఈ భాగమును వినిపింపగా, "రాసినాయన కొలిమి కాడ కూసున్నడు, ఉత్తగ రాయలె" అనిరి. నేను పొందిన పరీక్షాపత్రములలో దేనికిని అంత విలువ నీయజాలను.

స్వాతంత్ర్యము తరువాతి బిళ్ళలలో చేతిపనులు లేకపోలేదు. 1955 నాటి పంచవర్ష ప్రణాళిక వరుసలో రాట్నము వచ్చినది, చేమగ్గము వచ్చినది. వాని ప్రక్కనే యంత్రపు మగ్గమును వచ్చినది. ఏది దేనిని మ్రింగెనో ఆ వరుసను వెలువరించినవారికి అప్పటికి తెలియకపోవచ్చును, మన పద్మశాలి సోదరులకు బాగుగ దెలియును. 2009లో వచ్చిన సంప్రదాయ వస్త్రముల వరుసలో బనారసు పట్టు, కాంచీపురపు పట్టు, అపతానీల నేత, వానితో గూడ మన కలంకారీ కలవు. కలంకారీ బిళ్ళను చూచినప్పుడు నాకు సంతోషము కలిగినది. అయినను అచ్చటను వస్తువే కాని వస్తువును చేసిన కూటము లేదు.

ఇక 2023 సెప్టెంబరు 17వ తేదీ, విశ్వకర్మ జయంతినాడు, ప్రధానమంత్రిగారు ఢిల్లీలో 'పీఎం విశ్వకర్మ' పథకమును ప్రారంభించుచు ఒక ప్రత్యేక తపాలా బిళ్ళల ఫలకమును విడుదల చేసిరి. ఆ దినమున మన సంఘ కార్యాలయమున మిఠాయిలు పంచుకొంటిమి, పంచుట తగినదే. పథకమున పదునెనిమిది వృత్తులు చెప్పబడినవి: వడ్రంగి, పడవలు చేయువాడు, ఆయుధములు చేయువాడు, కమ్మరి, సుత్తి మున్నగు పనిముట్లు చేయువాడు, తాళములు చేయువాడు, కంసాలి, కుమ్మరి, శిల్పి, చెప్పులు కుట్టువాడు, తాపీపనివాడు, బుట్టలు చాపలు అల్లువాడు, బొమ్మలు చేయువాడు, మంగలి, మాలకరి, చాకలి, దర్జీ, వలలు అల్లువాడు. మనువు, మయుడు, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుడు అని పంచబ్రహ్మలను ప్రతిదినము తలచువారు ఈ పట్టికను చదివి వ్రేళ్ళు మడచి చూడుడు. ఇనుము కలదు, కొయ్య కలదు, రాయి కలదు, బంగారము కలదు. కంచు ఏది? 'కంచరి' యను పేరు పదునెనిమిదింటను లేదు.

మా అన్నగారి కుమారుడు నేటికిని పోతపని చేయుచున్నాడు. అతడు దరఖాస్తు చేయుటకు ఒక సేవాకేంద్రమునకు పోగా నేను వెంట బోయితిని. అచ్చటి కుఱ్ఱవాడు మర్యాదస్థుడే. పట్టికను పైకి క్రిందికి చూచి, "కంచరి అని లేదు సార్, కమ్మరి అని ఏస్తా, నడుస్తది" అనెను. దరఖాస్తు నడచినది. తిరిగి వచ్చుచు మావాడు, "చిన్నాయనా, ఇనుము కాల్చి కొట్టెటోడు ఏరు, కంచు కరిగిచ్చి పోసెటోడు ఏరు గదా" అనెను. అవునంటిని. "మరి రేపు నా కొడుకు ఆ కాగితం జూసి, మా నాయన కమ్మరి అనుకుంటడు గదా" అనెను. దీనికి నేను బదులు చెప్పలేదు. కమ్మరి యనిపించుకొనుట తక్కువయని అతని భావము కాదు. మాకు కమ్మరి యిండ్లతో వియ్యములు కలవు. పేరు పోయిన పని తాను పోవుటకు ఎంతో కాలము పట్టదని అతని భయము. నిన్నటి చర్చలో నాలుగు ముఖములను గూర్చి వాదించిన మనలో ఒక్కరును ఈ మాట యెత్తలేదు; నేనును ఎత్తలేదు.

పదునెనిమిది యను సంఖ్య క్రొత్తది కాదు. మన తెలుగు శాసనములలో 'అష్టాదశ ప్రజ' యను మాట కలదు. ఊరి ధర్మమునకు సాక్షులుగ, దేవాలయమునకు దాతలుగ ఆ పదునెనిమిది వారు నిలుతురు. ఆ పదునెనిమిది ఎవరెవరన్న పట్టిక అన్నిచోట్ల నొక్కటిగా లేదు. అందు కాకతీయుల నాటి తెలుగు శాసనములందు మనకు కనబడు పేరు 'పంచాణమువారు'. కంసాలి వేఱు, కంచరి వేఱు అని కాక ఐదు పనులవారును ఒక్క పేరుతో నిలిచి దానము చేసిరి. వర్తకులకు అట్లే నకరమనియు, స్వదేశి పరదేశి ఉభయ నానాదేశి పెక్కండ్రనియు పేర్లు. తెలికవారికి వేవురని పేరు. ఇట్టి కూటములకే సంస్కృతమున శ్రేణియని పేరు, వారి కట్టుబాటునకు సమయమని పేరు.

సమయమనగా కాలము కాదు, ఒప్పందము. ధర్మశాస్త్రములందు దీనికి ప్రత్యేక ప్రకరణములే కలవు. యాజ్ఞవల్క్యస్మృతిలో సంవిద్వ్యతిక్రమ ప్రకరణమున, కూటము సొమ్ము అపహరించినవానిని, ఒప్పందము దాటినవానిని సర్వస్వము గొని దేశమునుండి వెడలగొట్టవలెనని విధింపబడినది. బృహస్పతి శిల్పుల లాభమును పంచు పద్ధతిని చెప్పెను: శిక్షకుడు, అభిజ్ఞుడు, కుశలుడు, ఆచార్యుడు అని నలుగురు, వారికి వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు భాగములు. ఐరోపాఖండమున మధ్యయుగమునందు శిష్యుడు, కూలిపనివాడు, గురువు అని మూడు మెట్లుండెడివట. మనకు నాలుగు. చూడుడు, ఈ లెక్కలో తండ్రి పేరు అడుగుట లేదు. చేతిపని యే మెట్టున నున్నదని యడుగుచున్నారు. 'ఆచారి' యని మనము పేరు చివర తగిలించుకొను మాటకు ఆ లెక్కలో నాలుగు భాగముల బాధ్యత కలదు.

శ్రేణుల పరపతి యెట్టిదో తెలియవలెనన్న మధ్యయుగమునకు పూర్వపు శాసన మొకటి చూడవలెను. నాసికు గుహలో ఉషవదాతుడు వ్రాయించిన లేఖమున, గోవర్ధనమునందలి సాలెవారి శ్రేణియొద్ద 2000 కార్షాపణములు శాశ్వతముగ నిలువయుంచెనని యున్నది. వడ్డి నెలకు నూటికి ఒకటి. ఏటికి 240 అగును. అందుండి గుహలో వానకాలము గడుపు ఇరువదిమంది భిక్షువులకు తలకు పండ్రెండేసి బట్టల ఖర్చునకు. మరి యొక సాలె శ్రేణియొద్ద 1000. వడ్డి నూటికి ముప్పాతిక. అసలు తిరిగి అడుగరాదు. వడ్డి యెన్నడును ఆగరాదు. రాజు అల్లుడు, సైన్యము గలవాడు, తన ధర్మము తన తరువాతను నడువవలెనన్న సాలెవారిని నమ్మెను! మన సంఘ కోశాధికారిగారు నాకు మిత్రులు. వారిని నొప్పించు తలంపు లేదు. కాని మన సంఘమునొద్ద వేయి రూపాయలు శాశ్వత నిలువ యుంచి, వంద సంవత్సరముల పిమ్మట కూడ దాని వడ్డితో ఒక విద్యార్థి చదువునని నిశ్చింతగ నిద్రపోగలవారు ఈ సభలో ఎందరున్నారు? చేతులెత్త నక్కఱలేదు.

మన తెలుగుదేశపు మాట కొత్తము. గోదావరి మండలమున టేకి గ్రామమునందు దొరకిన తామ్రశాసనమొకటి కలదు. పదునొకండవ శతాబ్దాంతమున, వేంగిని పాలించిన రాజరాజ చోడగంగు డిచ్చినది. తెలికవారి పెండ్లిండ్లలో వధూవరులు గుఱ్ఱమెక్కి వీథులలో ఊరేగవచ్చుననియు, పెండ్లియైన పిదప రాజుపాదములకడ వస్త్రముల జత పెట్టి బంగారు పాత్రనుండి తాంబూలము గొనవచ్చుననియు అందు వారి కుచిత మర్యాద. నూనె యాడువారికి రాగిరేకుపై గుఱ్ఱము! తరువాతి కాలమున పెండ్లి పల్లకీకై, జోడు చెప్పులకై, జందెమునకై మనవారును ఇతరులును ఎన్ని న్యాయస్థానము లెక్కిరో మీకు తెలియును. చిత్తూరు అదాలతు తీర్పును మన మహాసభలలో ఏటేట చదువుచునే యున్నాము. ఆ తీర్పును గౌరవింతును. కాని దానికి ఏడు శతాబ్దములకు ముందే పనివారికూటమొకటి వ్యాజ్యము లేకయే మర్యాద పొందెనని యేల చెప్పుకొనము? వారు మన కులము కారు గనుకనా?

మోటుపల్లి శాసనమును మీరు వినియుందురు. శకము 1166, అనగా 1244-45లో, కాకతి గణపతిదేవుడు సముద్రవర్తకుల కిచ్చిన యభయము. గాలికి కొట్టుకొనివచ్చి ఒడ్డున పగిలిన యోడల సొమ్మును పూర్వపు రాజులు అపహరించిరనియు, తాము న్యాయమైన సుంకము మాత్రమే కొందుమనియు రాయించెను. సుంకము ముప్పదింట నొకటి. చరిత్రకారులు ఆ పట్టికలో ముత్యములను, చీని కర్పూరమును, పట్టునూలును చూతురు. కంచరివాని కొడుకునగు నేను రాగిని, తుత్తునాగమును చూచితిని. రాగియు తుత్తునాగమును కలియనిది ఇత్తడి లేదు. ఓరుగల్లు ప్రాంతపు దేవాలయములకు కలశము, దీపము, గంట కావలెనన్న సముద్రముమీదనుండి వచ్చు లోహము కావలెను. లోహము రావలెనన్న వర్తకునికి అభయము కావలెను. పెంబర్తిలో నేటికిని ఇత్తడి రేకుపై సుత్తియు ఉలియు మ్రోగుచున్నవి. ఆ మ్రోతకు మోటుపల్లి రేవును ఒక తల్లివేరని నా యూహ. ఒక్క కులము ఒంటరిగ ఒక్క చెంబును గూడ చేయలేదని దీని యర్థము.

నిన్నటి చర్చలో ఒక మిత్రుడు లేచి, 'ఓజు' అని చివరనున్న పేరు శాసనమున కనబడినచో అతడు మనవాడే, ముఖము దొరకనిచో నొక చిత్రకారునిచే గీయింతము అనిరి. ఓజు అను మాట ఉపాధ్యాయ శబ్దమునుండి వచ్చినది. ప్రాకృతమున ఉవజ్ఝాయ, తెలుగున ఒజ్జ, ఓజు. మంచి మాట. కాని పదునారవ శతాబ్దమున సదాశివరాయల కాలమునందు అళియ రామరాజుగారి మెప్పువడసి, రాజ్యమందలి మంగలులకెల్ల పన్నులు మాన్పించినవాని పేరు కొండోజు. అతడు మంగలి. ఆ పన్నుల మాఫీని ఊరూర శాసనములుగ చెక్కించిరి. అంతకంటె పాతమాట: అమరావతిలో పూర్ణకుంభ ఫలకమును దానము చేసిన విధికుడను వాడు చర్మకారుడు, ఉపాధ్యాయుడగు నాగుని కుమారుడు. ఉపాధ్యాయుని కొడుకు చర్మకారుడు, తన పేరు, తన పని రెండును సిగ్గుపడక రాతిపై చెప్పుకొనెను. కనుక ఓజును చూచి తొందరపడరాదు. లేని ముఖమును గీయింపరాదు. మనవారి ఉలి రాతిపై అబద్ధము చెక్కినదన్న పేరు మనకు వద్దు.

మరి బిళ్ళ కోరవలదా? కోరవలెను. బిళ్ళ సంపాదించుటకు రెండు త్రోవలున్నవి. 2011లో తపాలా శాఖవారు 'మై స్టాంపు' అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. రొక్కము చెల్లించి ఫోటో యిచ్చినచో బిళ్ళ ప్రక్కన దానిని అచ్చొత్తి యిత్తురు. మనుమరాలి పుట్టినరోజునకు నేనును చేయించితిని, ముద్దుగనే యున్నది. కాని దానిని చూపి, ప్రభుత్వమువారు మా పెద్దలను గౌరవించిరని చాటుట సరికాదు. కొన్ని సంఘములు అట్లు చాటుట చూచితిని. రెండవది స్మారకపు బిళ్ళ. దానికి విజ్ఞాపనము పంపవలెను, ఆధారములు చూపవలెను, తపాలా శాఖవారి ఫిలాటెలిక్ సలహాసంఘము పరిశీలించును. ఆలస్యమగును. కాకపోవచ్చును గూడ. మనము ఈ త్రోవనే పోవలెనని నా యభిప్రాయము.

దేనిని కోరవలెను? ఒక ముఖమును కాదు. ఒక తామ్రశాసనపు కడియమును, దాని ముద్రను కోరుదము. రాగిని కరగించినవాని పని యది, రేకు సాగగొట్టినవాని పని యది, అక్షరము చెక్కినవాని పని యది. దాని చుట్టు సుత్తి, బాడిస, ఉలి, మూస, ఊదుగొట్టము, ఐదు పనిముట్లు. మూసను మాత్రము విడువరాదని నేను పట్టుబట్టుచున్నాను. క్రింద తెలుగు లిపిలో 'పంచాణము' అని యుండవలెను. 1871 నాటికే బిళ్ళపైకి రాగలిగిన తెలుగక్షరము ఇప్పుడు రాలేదా? ఇట్లు కోరినచో నిన్నటి నాలుగు పక్షములకును తగవు లేదు. ఇంకొక తీర్మానమును దీనితో చేర్చవలెను: వృత్తుల పట్టికలో కంచరి పేరును ప్రత్యేకముగ చేర్పవలసినదిగా కేంద్ర ప్రభుత్వమువారికి మనవి. బిళ్ళ వచ్చినను రాకున్నను ఈ రెండవది జరుగవలెను.

ఇంజనీర్లై మాదాపురమున పని చేయు మన యువకులు, "మాకు కొలిమి తెలియదు, మేము పంచాణమువారమా?" అని నన్నడిగిరి. మందసోరు శాసనము చదువుడని చెప్పితిని. లాటదేశమునుండి దశపురమునకు వలస వచ్చిన పట్టుసాలెల శ్రేణి 436 ప్రాంతమున సూర్యదేవాలయమును కట్టించి, 473లో బాగుచేయించెను. వత్సభట్టి శ్లోకములు రచించెను. ఆ శ్రేణిలో కొందఱు విలువిద్య నేర్చిరి, కొందఱు కథలు చెప్పిరి, కొందఱు జ్యోతిషము పట్టిరి, తక్కినవారు నేతనే నమ్ముకొనిరి అని అందున్నది. మగ్గము విడచినవారిని శ్రేణి విడువలేదు. మగ్గము విడచినవారును గుడి బాగుచేయవలసి వచ్చినప్పుడు శ్రేణిని విడువలేదు. ఆ ముప్పదియేడేండ్ల వెనుక వచ్చిన చందా లెక్క ఎవరు వ్రాసిరో శాసనము చెప్పదు.

ఆధారములు కూర్చుటకు మనకు పనివారు కావలెను. మీ మీ గ్రామముల దేవాలయములలో, కోటగోడలలో, చెఱువుకట్టలపై శాసనపు రాళ్ళు ఉండును. వానిపై సున్నము వేయవద్దని ముందుగ ప్రార్థించుచున్నాను. పంచాణము, కంచరి, కమ్మరి, కాసె అను మాటలు కనబడినచో ఫోటో తీసి, ఊరి పేరు, గుడి పేరు, రాయి ఎచ్చటనున్నదో వ్రాసి కార్యాలయమునకు పంపుడు. చదువుట రాకున్నను సరే, నేను చదివెదను. నాకు రానిదానిని చదువగలవారి యొద్దకు తీసికొనిపోయెదను. ఇంట పాత మూసలు, ముద్రలు, పట్టకారులు ఉన్నచో పాత సామానువానికి అమ్మకుడు. విజ్ఞాపనపు చిత్తుప్రతి ద్వారముకడ బల్లమీద నున్నది. దానిపై మొదటి సంతకము మా అన్నగారి కుమారునిది. పేరు క్రింద వృత్తి యను గడిలో 'కంచరి' యని తన చేతితో వ్రాసినాడు. భోజనమునకు పోవుచు మీరును చూచి, మీ మీ గడులు పూరింపుడు.